నలభై ఒకటో వరస

“చచ్చిపోదామనుకున్న మనిషి చేతిలో స్కేలు పట్టుకుని వెళ్తుందా సార్?”

అంటూ జిగురు అడుగు పొడవున్న స్టీలు స్కేలును డైరెక్టర్ గారి టేబుల్ మీద పెట్టాడు. డైరెక్టర్ దాన్ని ముట్టుకోలేదు. కుర్చీని మాత్రం కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

“అది... ఆవిడదేనా?”

“ఆవిడ గుప్పిట్లోంచి నర్సు విడిపించిందట. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయట. నర్సు దాన్ని ఆవిడ అక్కకిచ్చింది, ఆ అక్క నాకిచ్చింది.”

“ఇలాంటివి పోలీసులకి ఇవ్వాలి కదండీ!”

“ఇవ్వబోయిందట. ‘స్కేలుతో మేమేం చేసుకుంటాం, గీతలు గీసుకుంటామా’ అన్నాడట మా బావమరిది.”

జిగురు వృత్తికి ప్రైవేటు డిటెక్టివ్. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. పట్టుకున్నది వదలడు కాబట్టి ఎవరో ఆ పేరు పెట్టారు, ఇప్పుడు కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ అతనికి స్వయానా బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అందుకే ఆ పొద్దున కాఫీ చేతికిస్తూనే భార్య హెచ్చరించింది.

“మా తమ్ముడితో గొడవ పెట్టుకున్నారో, ఆదివారం మా నాన్న పుట్టినరోజుకి మీరొక్కరే ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ముందే చెబుతున్నా, ఈసారి భోజనాలయ్యాక మా వాళ్ళ మేడ మీద పడుకోవడానికి కూడా లేదు. గదులు ఏదో కంపెనీకిచ్చారు. బోర్డుంది గానీ మనిషి కనపడడట. అద్దె మాత్రం ఒకటో తారీఖుకల్లా వచ్చిపడుతోందట.”

“అద్దెకున్నవాళ్ళంటే అలా ఉండాలి. పూర్వజన్మ సుకృతం” అని ఒప్పేసుకుని జిగురు బయటపడ్డాడు.

కేసు చూడటానికి చిన్నదే. ప్రభుత్వం ఎవరికి, దేనికి, ఎంత చెల్లించిందో జనమంతా చూడాలని ఈ ఆఫీసు ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. సాయంత్రం ఐదయ్యేసరికి ఆనాటి చెల్లింపులన్నీ వరసగా అందులో కనపడతాయి. సోమవారం నాటి పేజీలో పైన ‘మొత్తం చెల్లింపులు: 41’ అని ఉంది. కింద వరసలు నలభయ్యే ఉన్నాయి. తోచక కూర్చున్న ఒక రిటైర్డ్ మాస్టారు వేలు పెట్టి లెక్కపెట్టి, మర్నాడు గోల చేస్తే గానీ ఎవరికీ తెలియలేదు. ఆ చివరి వరసను సోమవారం ఐదు దాటాక ఎవరో తుడిచేశారు. తుడిచింది ఈ ఆఫీసులోనే పనిచేసే చదువరమ్మ లాగిన్‌తో. ఆరు కాకముందే చదువరమ్మ మూడో అంతస్తు మెట్ల మలుపులో తల పగిలి పడి ఉంది.

ఆమెను ఆఫీసులో అందరూ చదువరమ్మ అనే అంటారు. మూడు రోజులుగా ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. లంచం తిని వరస తుడిచింది, దొరికిపోతానని భయపడి మెట్ల మీంచి దూకింది అని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. రేపు ఫైలు మూసేస్తానని పత్రికలవాళ్ళకి కూడా చెప్పాడు. మూసేస్తే, ఆమె బతికి కళ్ళు తెరిచినా మంచం పక్కన కనపడేవి బేడీలే. ఆమె అక్క లాండ్రీ షాపు నడుపుకునే మనిషి. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, జిగురు చేతులు పట్టుకుని, “మా చెల్లి దొంగ కాదు బాబూ” అని ఒక్కటే మాట అంది. జిగురుకి అప్పటినుంచీ నిద్ర లేదు.

“ఆమె లాగిన్ ఇంకెవరికి తెలుసు సార్?”

“రూల్స్ ప్రకారం ఎవరికీ తెలియకూడదు.”

“రూల్స్ సంగతి కాదు, ఈ అంతస్తు సంగతి చెప్పండి.”

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “అందరికీ తెలుసు. చీటీ రాసి కీబోర్డు కింద అంటించుకుంది. ఇక్కడ అందరం అలాగే అంటించుకుంటాం. నాదీ అక్కడే ఉంది.”

“సోమవారం ఐదు నుంచి ఆరు దాకా మీరెక్కడున్నారు?”

“పళ్ళ డాక్టరు దగ్గర, నోరు తెరుచుకుని.”

ఆ సంగతి జిగురు పొద్దున్నే పళ్ళ డాక్టర్ని అడిగి తెలుసుకున్నాడు. ఈయన నోరు తెరిచి నిజం చెబుతాడా లేదా అని చూడటానికే అడిగాడు. “పోనీ, తుడిచేసిన వరసలో ఏముందో చెప్పండి.”

“అదేనండీ మా ఖర్మ. ఎవరికీ తెలీదు. ఒకసారి తుడిచేస్తే మా దగ్గర ఆనవాలు మిగలదు. ఖజానావాళ్ళని అడిగాం. ముప్పై రోజుల్లో జవాబిస్తారట.”

“జనానికి ఏ రోజుదారోజు చూపించాలని పెట్టిన సైటుకి ముప్పై రోజులా?”

“వాళ్ళ దృష్టిలో మేమూ జనమేనండీ.”

“ఏ శాఖ, ఏ పని, ఎవరికి ఇచ్చిన డబ్బు... ఏదీ తెలీదా? పోలీసులక్కూడా?”

“ఒట్టు. ఆ వరస చూసింది ఆవిడ, తుడిచినవాడు. అంతే.”

డైరెక్టర్ చెమట తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పేవాడి చెమటకీ, ఉద్యోగం పోతుందేమోనన్న చెమటకీ తేడా జిగురుకి తెలుసు. ఇది రెండోది. అతను స్కేలు తీసుకుని లేచాడు.

ఆమె ఎక్కడ పనిచేసేదో చూపించడానికి తీగల బాబాయి వచ్చాడు. ఆఫీసులో కంప్యూటర్లకి రోగమొస్తే అతనే డాక్టరు. మెడలో ఎప్పుడూ ఏదో ఒక వైరు వేలాడుతూ ఉంటుంది. నాలుగో అంతస్తులో ఆమె సీటు చూపించి, మెట్ల మీదుగా రెండో అంతస్తుకి దింపాడు. ఆమె పడి ఉన్న మలుపుకి సరిగ్గా పైన జిగురు ఆగి మెట్ల పక్క పిట్టగోడ చూశాడు. గోడ ఛాతీ దాకా ఉంది. దూకాలంటే ముందు ఎక్కాలి. ఎక్కడా చెప్పు గుర్తు లేదు.

రెండో అంతస్తు చివర ఒక చిన్న గది ఉంది. లోపల నాలుగు గోడలకీ దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీశారు. మధ్యలో ఒక స్టూలు, మైకు, పచ్చ బటన్ ఉన్న పెట్టె, మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు.

“ఇదేమిటి బాబాయ్, గదికి చలి జ్వరమా?”

“బయటి చప్పుడు రాకుండా సార్. కళ్ళు కనపడనివాళ్ళు, చదువురానివాళ్ళు కూడా ఖర్చులు తెలుసుకోవాలని మొదట్లో ఒక ఫోన్ లైను పెట్టారు. వినే లైను. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఆ రోజు చెల్లింపులన్నీ చదివి వినిపిస్తుంది. సైటులో పెట్టకముందే, నాలుగున్నరకి ఆవిడ ఇక్కడ కూర్చుని కాగితం చూసి చదివేసేది. స్కేలు దానికే. ఒక వరస చదివి కిందికి జరిపేది, ఏదీ వదిలిపోకుండా.”

జిగురు మైకు వైపు తిరిగి చూశాడు. నిన్న లాండ్రీ షాపులో అక్క ఏదో చెప్పింది. “రోజూ దాని గొంతు వింటూ ఇస్త్రీ చేసుకుంటా బాబూ. ఆ లెక్కలు నాకేం అర్థమవుతాయి? ఇంటికొచ్చాక అలిసిపోయి మాట్లాడదు. అందులో అయితే అరగంట మాట్లాడుతుంది. మొన్న సోమవారం మాత్రం హోటలు దుప్పట్లు వచ్చిపడి వినడం కుదర్లేదు.” రేడియోలో ఏదో పార్టుటైం పని కాబోలనుకుని జిగురు తలూపి ఊరుకున్నాడు. ఇప్పుడు తన బుర్రని తనే తిట్టుకున్నాడు.

“అయితే వరస తుడిచినప్పుడు దీంట్లోంచి కూడా తుడిచారా?”

తీగల బాబాయి నవ్వాడు. “ఈ లైనుందని ఎవరికి గుర్తుంది సార్? డైరెక్టర్ గారికే తెలీదు. నలుగురో ఐదుగురో వింటారు, వాళ్ళలో ఒకళ్ళు ఆవిడ అక్క. పచ్చ బటన్ నొక్కి చదివితే నేరుగా వెళ్ళి కూర్చుంటుంది. వారం రోజులుంటుంది. మధ్యలో ఎవరూ ముట్టుకోరు.”

“కాగితంలో ఉన్నదీ సైటులో ఉన్నదీ ఒకటేనా?”

“ఒక గడి తేడా. డబ్బు తీసుకున్నవాళ్ళ అడ్రసు గడి. ఫోన్లలో పేజీ ఇరుగ్గా వస్తోందని సైటులో నేనే దాన్ని దాచేశా. కాగితంలో అలాగే ఉండిపోయింది. ఆవిడ చదవడం మొదలెడితే అదీ చదివేసేది. కామా కూడా వదిలే రకం కాదు.”

“అక్కర్లేదని చెప్పలేదా?”

“నేనెప్పుడు విన్నాను గనక సార్!”

సైటులో దాచిపెట్టిన దాన్ని రోజూ మైకులో చాటింపు వేస్తున్నారన్నమాట. అదీ ఏళ్ళ తరబడి, ఒక్క పెద్దమనిషికీ తెలియకుండా. జిగురుకి నవ్వు రావలసిందే గానీ రాలేదు. ఆమె పైకెళ్ళి, అలవాటు కొద్దీ స్కేలు పెట్టి సైటునీ కాగితాన్నీ సరిచూసుకుని ఉంటుంది. ఒక వరస తగ్గింది. అడుగుదామనో, మళ్ళీ చదువుదామనో కిందికి బయల్దేరింది. మెట్ల మీద ఎవరో ఎదురయ్యారు. ఆ వచ్చినవాడు కాగితం లాక్కుని స్కేలు వదిలేశాడు.

“బాబాయ్, ఆ నంబరు చెప్పండి.”

తీగల బాబాయి నంబరు చెప్పడం, జిగురు దాన్ని ఫోన్లోకి ఎక్కించుకోవడం పూర్తయిందో లేదో, తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది.

“ఇక్కడా అతుక్కున్నావా బావా?”

ఇన్‌స్పెక్టర్ గడప మీద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, నలగని నవ్వు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

“ఆ చొక్కా చూడు! నీ ఒంటి మీద ఇస్త్రీ మడత కనపడటం మా అక్క పెళ్ళి తర్వాత ఇదే. లాండ్రీ ఆవిడ ఫీజు బట్టల్లో ఇస్తోందా?”

“నీ యూనిఫాం కూడా తెచ్చివ్వరా, మరకలేమైనా ఉంటే చెబుతుంది” అన్నాడు జిగురు.

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఒక అంగుళం తగ్గింది. కళ్ళు గదంతా తిరిగాయి. “ఇదేం గది?”

తీగల బాబాయి నోరు తెరిచాడు. జిగురు అతని కాలు మెత్తగా తొక్కి, “స్టోరు రూము. పాత దుప్పట్లు” అన్నాడు. బావమరిది మీద అనుమానమొచ్చి కాదు. పోలీసులకి చేతిలో ఉన్నది చూపించకపోవడం అతనికి ఉగ్గుపాలతో అబ్బిన విద్య.

“చూడు బావా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఒక్కరోజులో పట్టా. లాగిన్ ఆవిడది, సీటు ఆవిడది, పడింది ఆవిడ. ఇంకేం కావాలి?”

“కాగితం కావాలి.”

“ఏ కాగితం?”

“ఆమె రోజూ దగ్గర పెట్టుకునే చెల్లింపుల కాగితం. స్కేలు చేతిలో ఉంది, కాగితం లేదు. దూకేవాళ్ళు కాగితం మింగి దూకుతారా? ఆ పిట్టగోడ చూశావా? నువ్వు ఎక్కాలన్నా నిచ్చెన కావాలి.”

“సర్కారు ఆఫీసులో కాగితం కనపడకపోవడం కూడా క్లూయేనా! పోయిన కాగితాలన్నిటికీ నేను కేసులు పెడితే జైళ్ళు చాలవు.” ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది. “ఒక నీళ్ళ ట్యాంకర్ల బిల్లు కోసం ఇంత రాద్ధాంతమా? మనిషన్నాక ఆశపడింది, భయపడింది, దూకింది. రేపు ఫైలు మూస్తున్నా. నువ్వీ బిల్డింగులో మళ్ళీ కనపడితే బావ అని కూడా చూడను.”

“మీ అక్క చూస్తుందిలే.”

“ఆ స్కేలు ఇటివ్వు.”

“మొన్న గీతలు గీసుకుంటామా అన్నావుగా?”

“ఇవాళ గీసుకోవాలనిపించింది. సాక్ష్యం. ఇవ్వు.”

జిగురు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ గదికి తాళం వేయించి, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. “ఆసుపత్రికి పోతున్నా. ఆవిడ నోరు విప్పితే ముందుగా వినేది నేనే. ఆదివారం రా, నాన్న నిన్ను అడుగుతున్నాడు.”

జీపు వెళ్ళిపోయింది. బావమరిది మాటల్లో ఏదో ఒకటి చెప్పులో రాయిలా జిగురుని గుచ్చుతోంది. ఏదో మాత్రం అందడం లేదు. రోడ్డు దాటి, బస్టాపులో ఖాళీ బెంచీ చూసుకుని కూర్చుని ఆ నంబరుకి ఫోన్ చేశాడు. సోమవారానికి మూడు నొక్కమంది. నొక్కాడు.

“నమస్కారం. ఈ రోజు ప్రభుత్వం చెల్లించినవి నలభై ఒకటి. ఒకటి...”

చదువరమ్మ గొంతు ఇంతకుముందు అతను వినలేదు. ఆసుపత్రిలో కట్లు కట్టిన తల, మూసిన కళ్ళు మాత్రమే చూశాడు. ఈ గొంతు నిదానంగా, తేటగా ఉంది. బడికి బల్లలు, రోడ్డుకి తారు, ఆసుపత్రికి దూది, ఎవరికి ఎంత, ఆ ఎవరు ఏ వీధిలో ఉంటారు అని ఒక్కొక్కటే చదువుకుంటూ పోతోంది. పన్నెండో వరస దగ్గర ఆగి మంచినీళ్ళు తాగింది. “క్షమించండి” అని మళ్ళీ అందుకుంది. నలుగురైదుగురి కోసం ఇంత మర్యాదగా చదివిన మనిషిని దొంగ అన్నారే అనుకున్నాడు జిగురు. ముందుకు జరపడానికి ఆ లైనులో వీలు లేదు. వినాల్సిందే. మూడు బస్సులు వచ్చి వెళ్ళాయి.

“నలభై. ఆర్ట్స్ కాలేజీ ప్రహరీ గోడ మరమ్మతులు...”

జిగురు నిటారుగా కూర్చున్నాడు.

“నలభై ఒకటి. కరువు ప్రాంతాలకు నీళ్ళ ట్యాంకర్ల అద్దె. తొంభై రెండు లక్షలు.”

చెప్పులో రాయి బయటపడింది.

నీళ్ళ ట్యాంకర్ల బిల్లు! ఆ వరసలో ఏముందో డైరెక్టర్‌కి తెలీదు. తీగల బాబాయికి తెలీదు. ఖజానా ఇంకా జవాబివ్వలేదు. చూసింది చదువరమ్మ, తుడిచినవాడు, ఆ కాగితం లాక్కున్నవాడు. మరి బావమరిదికి ఎలా తెలిసింది?

ఎక్కడో ఏదో విని ఉంటాడు, పోలీసన్నాక నూరు చెవులుంటాయి అని జిగురు మనసు వెంటనే సర్దిచెప్పబోయింది. సర్దిచెప్పడం పూర్తికాకుండానే ఆ తేట గొంతు, కామా కూడా వదలకుండా, దాచిన గడి చదివేసింది.

“చెల్లింపు పొందినవారు జలధార రవాణా సంస్థ. చిరునామా, ఇంటి నంబరు పన్నెండు బై నాలుగు, మేడపైన, పాత నీళ్ళ ట్యాంకు వెనక రెండో సందు. ఇవాళ్టికి చెల్లింపులు ఇంతే. సెలవు.”

ఆ చిరునామా జిగురుకి తెలుసు. పన్నెండు బై నాలుగు. నీలం గేటు, గేటు గడియ కొంచెం బిగుతు, మెట్ల కింద మామగారి చేతికర్ర. పద్దెనిమిదేళ్ళుగా అల్లుడి హోదాలో కాలుమీద కాలేసుకుని భోజనాలు చేసిన ఇల్లు. మేడ మీద బోర్డుంది గానీ మనిషి కనపడడు. అద్దె మాత్రం ఒకటో తారీఖుకల్లా వచ్చిపడుతోంది.

పొద్దున భార్య చెబుతుంటే తను నవ్వుకున్నాడు. ఆ పిచ్చిదానికేం తెలుసు, ఏ డబ్బు తన పుట్టింటి గడప తొక్కుతోందో! ఆమెకి ఈ సంగతి ఎలా చెప్పాలన్న దిగులు పట్టుకుంది. ఆ దిగులుకి కూడా తీరిక దొరకలేదు. చేతిలో ఫోను మోగింది. లాండ్రీ అక్క.

“బాబూ! మా చెల్లి కళ్ళు తెరిచింది! ఇప్పుడే, పది నిమిషాలైంది. నన్ను గుర్తుపట్టింది బాబూ, నా చెయ్యి నొక్కింది!” ఏడుపూ నవ్వూ కలిసిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

“మీరెక్కడున్నారమ్మా? ఆమె పక్కనే ఉన్నారా?”

“కిందున్నా, టీ కొట్టు దగ్గర. మీ బావమరిది గారు వచ్చారు. ఆయన గురించి నేనేదో అనుకున్నా గానీ ఎంత మంచాయనండీ! మూడు రోజుల్నుంచి మీరేం తిన్నట్టు లేదు, వెళ్ళి టీ తాగి రండి, నేను కూర్చుంటా అన్నారు. పాపం, కాపలా కానిస్టేబుల్ని కూడా ఇంటికి పంపించేశారు.”

జిగురు లేచి నిలబడ్డాడని అతనికే తెలియదు. అతను అప్పటికే పరుగెత్తుతున్నాడు.

“అమ్మా, టీ పారెయ్యండి. పైకి పరుగెత్తండి. డాక్టర్ని, నర్సుని, ఎవరు కనపడితే వాళ్ళని కేకేసి తీసుకెళ్ళండి. ఫోన్ పెట్టెయ్యకండి!”

“ఏమైంది బాబూ?”

“పరుగెత్తమ్మా!”

గ్లాసు పగిలిన చప్పుడు వినపడింది. తర్వాత చెప్పుల చప్పుడు, మెట్లు, ఆయాసం, ఎవరినో తోసుకుని వెళ్తున్న అలజడి. జిగురు ఎదురొచ్చిన ఆటోకి అడ్డం నిలబడి లోపలికి దూకాడు. ఫోను చెవికి అదిమి పెట్టుకునే ఉన్నాడు. చెల్లి గొంతు కోసం ఆ అక్క రోజూ ఎలా వినేదో, ఇప్పుడతను అలాగే వింటున్నాడు.

చెప్పుల చప్పుడు ఆగింది. తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు మొదలైంది.

“లోపల గడియ వేసుంది బాబూ” అంది అక్క. ఆమె గొంతులో నవ్వు ఎప్పుడో పోయింది. “పిలుస్తుంటే ఆయన పలకడం లేదు. నా చెల్లీ పలకడం లేదు.”